రెండు వేళ్ళ మేర

మొదటి కోత హ్యాండిల్‌కి.
అటు రెండు వేళ్ళ మేర, ఇటు రెండు వేళ్ళ మేర.
రంపం నా మేనకోడలు ఓయిలి చేతిలో,
జివ్వుమన్నవి నా పళ్ళు.
"బిర్చ్ చెట్లు పక్కకి జరగవు కదా మావయ్యా,
మనమే జరగాలి."

తొమ్మిదేళ్ళు ఈ బండితో మట్టి ట్రాకుల మీద బతికాను.
గేటు పడగానే ముందు చక్రం గాల్లో.
నలభై మందిలో మొదటి మలుపు ఎవడు దొరకబుచ్చుకుంటే
ఆ పూట వాడిది.
రెండు మనుషుల ఎత్తు నుంచి దిగినా
నడుం విరక్కుండా బిగించి పెట్టిన స్ప్రింగులు.
ఇప్పుడు నా మోకాల్లో రెండు మరలున్నాయి,
చలికాలం అవి నాకంటే ముందు నిద్ర లేస్తాయి.

పెయింటు డబ్బా బోర్లించి కూర్చున్నాను.
ఫిన్లాండులో కైనూ అడవి, సెప్టెంబరు చివర.
తలుపు సందులోంచి పుట్టగొడుగుల వాసన,
షెడ్డులో పెట్రోలు వాసన.
ఏదీ గెలవడం లేదు.

ఫోర్కుల్లోంచి పాత నూనె వంచింది ఓయిలి.
నా పందేలన్నీ బూడిదరంగు చారులా
బకెట్లోకి దిగాయి.
గట్టి స్ప్రింగులు తీసి మెత్తనివి దించింది.
స్క్రూడ్రైవరు తిప్పుతూ, బియ్యంలో రాళ్ళేరే దానిలా,
క్లిక్కులు లెక్కపెట్టింది.
ఎనిమిది. తొమ్మిది. పది.
"చాలు, ఇంకా వదిలేస్తే ముక్కు దించేస్తుంది" అన్నాను.
"వేరు తగిలితే ఎగిరిపడకూడదు, మింగాలి"
అంటూ ఇంకో రెండు తిప్పింది,
నా వైపు చూడకుండా.

వెనక మూడు పళ్ళు పెద్ద స్ప్రాకెట్.
పరుగు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది.
ఫ్లైవీలుకి ఇనప బిళ్ళ బరువు:
నడక వేగంలోనూ ఇంజను ప్రాణం వదలకూడదు.
రేడియేటర్లకి కడ్డీలు, పొట్టకింద అల్యూమినియం పళ్ళెం,
వేళ్ళకి డాళ్ళు.
చివర్న స్టాండు.

నవ్వాను. ట్రాక్ బండికి స్టాండేమిటి?
దానికి నిలబడే పనెక్కడిది?
"ఆగితే దేనికి ఆనించను? బ్లూబెర్రీ పొదకా?"
ఆగడానికీ ఒక కాలు కావాలి.
కుంటివాడినై ఉండీ
నాకు తట్టలేదు ఆ మాట.

సైలెన్సరు దగ్గర మాత్రం గట్టిగానే పోట్లాడుకున్నాం.
ఆ అరుపు లేకపోతే అది బండేనా అన్నాను.
ఓయిలి జేబులోంచి కాగితం తీసింది.
ఇక్కడ అడవిలో నడిచేవాడు ఎవర్నీ అడగక్కర్లేదు,
ఇంజను అడగాలి.
ఈ అడవి లెంపి ముసలమ్మది. షరతులు ఆవిడ చేతిరాతలో:
దుప్పులు ఈనే రోజుల్లో రావద్దు.
చిత్తడినేల తొక్కొద్దు.
మధ్యాహ్నం రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు
మీ బండి నా చెవిన పడొద్దు.
కింద వంకర సంతకం, పక్కన కాఫీ మరక.

ఏ పందెం నిబంధనలకీ నేనింత భయపడలేదు.
సైలెన్సరు నేనే బిగించాను.

ఆదివారం ఓయిలి వెళ్ళింది.
చప్పుడు చెట్లలోకి వెళ్ళి చిన్నదై, గొంతు సవరించుకుని,
లేకుండా పోయింది.
గంటకి తిరిగొచ్చింది. చెంప మీద బురద,
రెండు డాళ్ళ అంచులకీ
తెల్లటి బిర్చ్ బెరడు పొడి.
"ఎంత వేగం?"
"చూళ్ళేదు. ఒక అడవికోడి దారిలోంచి నడిచే వెళ్ళింది,
ఎగరలేదు."

నా మోకాలు కిక్కు కొట్టలేదు.
ఆమే పక్కన నిలబడి కొట్టింది,
"మొదటి గేరు దాటావో, ఊరుకోను" అంది.
దాటలేదు.
లెంపి కిటికీ ముందు నుంచి వెళ్ళాను.
గాజు వెనక పండిన తల అల్లికలోకి వంగి ఉంది,
తిరగలేదు.
నాకు మాత్రం ఆవిడ రేడియో వినబడింది:
ఉత్తరాన రాత్రికి
తొలి మంచు పడొచ్చు.